ఆప్షన్లు లేని రౌండు

నా నోటి దూల సంగతి తాండూరు బస్టాండు దగ్గర టిఫిన్ తినేవాళ్లందరికీ తెలుసు. అక్కడ మా అత్తమ్మకు ఒక టిఫిన్ సెంటర్ ఉంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ నేను అందులో కూర్చుని చట్నీ పోస్తూ గ్రూప్స్‌కు చదివాను. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో గైడు. నోటిఫికేషన్ వస్తుందంటారు, రాదు. వస్తే పరీక్ష వాయిదా పడుతుంది. అది జరిగే రోజుకు నాకు జ్వరం వస్తుంది. ఇట్లా ఏళ్లకు ఏళ్లు కరిగిపోయాయి. నేను గైడు పట్టుకుని ఉండగానే నా బిడ్డ పుట్టింది, నడిచింది, బడికి పోయే ఈడుకొచ్చింది. మీ అమ్మ ఏం చేస్తుందని బళ్లో టీచర్ అడిగితే, "మా అమ్మ సదువుకుంటది" అని చెప్పిందట. తరగతంతా నవ్విందట. అది మాత్రం ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంది.

ఒకరోజు పొద్దున గిరాకీ మంచి జోరు మీద ఉండగా పోపు మాడ్చాను. గైడులో నదుల పాఠం నడుస్తోంది మరి. పొగ లేచింది. బెంగళూరు బస్సుకు పోవాల్సిన ఒకాయన దగ్గుకుంటూ లేచి వెళ్లిపోయాడు. అత్తమ్మ పుట్టిల్లు కర్ణాటకలో, సేడం వైపు. కోపం ముదిరితే కన్నడంలోకి దిగుతుంది.

"సాకమ్మా, సాకు! ఇగ చాలు!" అంది. "ఇంకెన్నొద్దులు సదువుతవే? నీ బిడ్డ గూడ బడికి వోతున్నది. ఇద్దరు ఒకపారే పాసైతరా ఏంది?"

తింటున్నవాళ్లు నవ్వారు. అంతే, నా ఒళ్లు మండిపోయింది. అప్పటికి వారం కిందనే ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు జిల్లా మొత్తానికి జనరల్ నాలెడ్జ్ పోటీ ప్రకటించారు. ముగ్గురు ఒక జట్టు. గెలిచిన జట్టుకు హైదరాబాదులో హాస్టలుతో సహా ఏడాదిపాటు ఉచిత కోచింగ్. నేను పేరిచ్చి వచ్చాను గాని ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆ చెప్పడమేదో అప్పుడే, అందరి ముందరే చెప్పేశాను.

"విను అత్తమ్మా! గీ పోటీల గెలుస్త, హైదరాబాద్ పోత. గెల్వకపోతే పుస్తకాలన్ని పాతసామాన్ల బండోనికి ఏసి నీ పెనం పట్టుకుంట. మల్ల సదువు అన్న మాట ఎత్తితె అడుగు. మీరు గూడ ఇనుండ్రి అందరు!"

ఇడ్లీ తుంచుతున్న చేతులు ఆగిపోయాయి. మా ఆయన నాపరాళ్ల లారీ నడుపుతాడు. ఆ రాత్రి విషయం తెలిసి, "గంత మంది ముందట ఎందుకన్నవే?" అని మాత్రం అన్నాడు. ఎందుకంటే ఏం చెప్పను? ఎవ్వరూ చట్నీ అడగని ఒక గది కావాలి నాకు. ఒక్క ఏడాది, ఒక్క కుర్చీ. అది దొరికితే ఉద్యోగం కొట్టి తీరతానని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్ప అప్పటికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

జట్టులో మిగతా ఇద్దరూ వికారాబాద్ లైబ్రరీలో పరిచయమైనవాళ్లే. ఒకరు ధారూర్ అన్న. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, ఎమ్మే దాకా చదివాడు. రాజ్యాంగం, చరిత్ర ఆయనవి. ఇంకొకరు దౌల్తాబాద్ పిల్ల. డిగ్రీ అయిపోయి తాండూరులో మేనమామ ఇంట్లో ఉంటోంది. సైన్సూ, కరెంట్ అఫైర్సూ దానివి. భూగోళం నాది. పోటీ నియమం ప్రకారం ఎవరి సబ్జెక్టు వాళ్లే చెప్పాలి, పక్కవాళ్లు నోరు మెదపగూడదు. అట్లా పంచుకున్నాం.

లైబ్రరీకి రైల్లో పోయేవాళ్లం. నేనూ పిల్లా తాండూరులో ఎక్కితే, అన్న ధారూర్‌లో ఎక్కేవాడు. ముగ్గురి దగ్గరా ఉన్నది అదే గైడు, తలా ఒక కాపీ. వేల బిట్లు, ఒక్కో దానికి కింద నాలుగు ఆప్షన్లు. మొదట్లో ఒకరు ప్రశ్న చదివితే ఇంకొకరు జవాబు పూర్తిగా చెప్పేవాళ్లం. కాని ఆ రద్దీలో, ఆ పల్లీలమ్మేవాళ్ల అరుపుల్లో నాలుగు బిట్లు అయ్యేసరికి స్టేషన్ వచ్చేది. అందుకని పొట్టి చేశాం. ప్రశ్నకు ఒక్క మాట, జవాబుకు ఒక్క అక్షరం.

"లోక్‌టక్ సరస్సు?"

"బి."

"రాజ్యసభ కాలపరిమితి?"

"డి."

గైడు ముగ్గురికీ కంఠతా వచ్చు కాబట్టి అక్షరం చాలు. రైలు తాండూరు దాటగానే పిల్ల ఎప్పుడూ మొట్టమొదట "కాగ్నా?" అని అడిగేది. మా ఊరి పక్కన పారే వాగు గనక, శకునం లాగా. కాగ్నా నది ఏ నదిలో కలుస్తుందన్నది అసలు బిట్టు. నేను "సి" అనేదాన్ని. దాంతో ఆ రోజు చదువు మొదలయ్యేది. వికారాబాద్ ఆస్పత్రికి పోయే ఒక పెద్దాయన మా పక్కన కూర్చుని చాలాసేపు విని, "ఏం ఆటనే బిడ్డా గిది? లాటరా?" అని అడిగాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఎంత వేగంగా చెబుతున్నామో చూసుకుని మాకు మేమే మురిసిపోయేవాళ్లం.

ఇంట్లో కూడా అదే పద్ధతి. నా బిడ్డ గైడులోంచి మాటలు కూడబలుక్కుని అడిగేది. నేను అక్షరం చెప్పేదాన్ని. అది వేలు పెట్టి జవాబు వరుసలో చూసుకుని, సరిపోతే చప్పట్లు కొట్టేది. దానికి ఇష్టమైన బిట్టు కూడా కాగ్నాయే. అందులో దానికి తెలిసిన మాట అదొక్కటే.

వికారాబాద్‌లో రాతపరీక్ష జరిగింది. మా జట్టుకే మొదటి స్థానం. తర్వాత అక్కడే స్టేజీ మీద సెమీఫైనల్. ప్రశ్న చదవగానే తెర మీద నాలుగు ఆప్షన్లు పడేవి. వరుస మారినా మాకు బాధ లేదు. సరైన మాట కనబడగానే జాతరలో మనవాళ్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్లం. కాలేజీ పిల్లల జట్లన్నీ మా వెనకే ఉండిపోయాయి. అన్న గంట కొట్టే తీరు చూసి ముందు వరుసలోవాళ్లు "వారెవ్వా" అన్నారు. బయటికొచ్చి స్టేషన్ దగ్గర మిర్చీలు తింటూ, హాస్టలుకు ఏమేం తీసుకుపోవాలో కూడా మాట్లాడుకున్నాం. పిల్ల బకెట్టు కొనాలంది. అన్న దుప్పటి అన్నాడు. నా బిడ్డను వదిలి ఏడాది ఎట్లా ఉంటానన్న ఆలోచనతో నా మిర్చి చేతిలోనే చల్లారింది. అయినా పోదామనే ఉంది. దేవుడి మీద ఒట్టు, పోదామనే ఉంది.

ఫైనల్ తాండూరులోనే పెట్టారు, ఒక ఫంక్షన్ హాల్లో. ఆ ఆదివారం అత్తమ్మ టిఫిన్ సెంటర్‌కు తాళం వేసింది. పండుగకు కూడా మధ్యాహ్నం దాకా నడిపే మనిషి. నా బిడ్డకు కొత్త గౌను తొడిగి, మా ఆయనతో కలిసి ముందు వరుసలో కూర్చుంది. వాళ్ల వెనక బస్టాండు వాళ్లు సగం మంది ఉన్నారు. ఆ రోజు నేను ఒట్టేసినప్పుడు ఇడ్లీలు తిన్నవాళ్లే.

స్టేజీ ఎక్కబోయే ముందు నిర్వాహకుడొకాయన వచ్చి అన్ని జట్లకూ నియమాలు చదివాడు. "మొదటి రెండు రౌండ్లలో ఆప్షన్లుంటాయి. ఆఖరి రౌండులో ఉండవు. నేరుగా జవాబు చెప్పాలి. ఒక్కో జట్టు నుంచి ముగ్గురూ తలా ఒక ప్రశ్న."

మాకు మొదట ఏమీ అనిపించలేదు. పిల్లే వరండాలో మమ్మల్ని పక్కకు లాగి, "ఒకపారి సూద్దాం అన్నా," అంది. "రాజ్యసభ కాలపరిమితి?"

"డి," అన్నాడు అన్న.

"డి అంటే ఏందన్నా?"

అన్న నుదురు రుద్దుకున్నాడు. "డి అంటే... ఆగు... గది లాస్టుకు ఉంటది. ఆరేండ్లా? ఐదేండ్లా?" అన్నాడు. మళ్లీ, "ఏయ్, రద్దు గాదు గది, శాశ్వత సభ! అట్లనే ఉంటదా డి ల?" అని నా మొహంలోకి చూశాడు. పిల్ల నన్ను లోక్‌టక్ అడిగింది. బి అని తెలుసు. ఎడమ పేజీ, కింది నుంచి మూడో బిట్టు, పక్కన నూనె మరక. అన్నీ కనబడుతున్నాయి, రాష్ట్రం పేరు తప్ప. మణిపూర్ అని చాలాసేపటికి తట్టింది. అదీ గుర్తొచ్చి చెప్పానో, ఊహించానో తెలియదు.

"బుక్కు ఉంటె ఒక్కపారి..." అంది పిల్ల. పుస్తకాలు లోపలికి రానివ్వలేదు. ఇల్లు దగ్గరే, కాని పోయి రావడానికి వ్యవధి లేదు. ఆ వరండాలో నిలబడి అక్షరాలను మళ్లీ మాటలుగా మార్చుకుందామని చూశాం. ఒకటి గుర్తొస్తే రెండు జారిపోతున్నాయి. అన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "పరేషాన్ గాకుండ్రి, అచ్చినదే అడుగుతరు," అన్నాడు. ఆ మాట తనకు తాను చెప్పుకుంటున్నట్టే ఉంది.

మొదటి రెండు రౌండ్లూ మావే. ఆప్షన్లు తెర మీద పడగానే ప్రాణం లేచివచ్చేది. మా ఆయన ఈల వేశాడు. ఆఖరి రౌండుకు వచ్చేసరికి వికారాబాద్ కాలేజీ జట్టు మాకంటే వెనకబడి ఉంది. వాళ్లలో ఒక కళ్లద్దాల అమ్మాయి ఉంది. తొందరేమీ లేకుండా, ఇంట్లో మాట్లాడినట్టే చెబుతోంది.

పిల్ల తన ప్రశ్నకు జవాబు చెప్పేసింది. సైన్సు అది బళ్లో చదువుకున్నదే గాని గైడులో నేర్చుకున్నది కాదు. అన్నకు వచ్చింది తప్పిపోయింది. మైకు ముందు నిలబడి చాలాసేపు కళ్లు మూసుకుని, "తెల్వది సార్," అని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. అవతలి జట్టులో ముగ్గురూ తమ ప్రశ్నలకు జవాబు చెప్పేశారు. అంకెలు సమానమయ్యాయి. మిగిలింది నా ప్రశ్న. నేను చెబితే గెలుపు. చెప్పలేకపోతే అదే ప్రశ్న వాళ్లకు పోతుంది.

క్విజ్ మాస్టర్ కాగితం చూసి నవ్వాడు. "అదృష్టవంతులమ్మా మీరు. మీ ఊరి ప్రశ్నే వచ్చింది. కాగ్నా నది ఏ నదిలో కలుస్తుంది?"

హాల్లో "ఓ" అని ఒక సంబరం లేచింది. మా వాగే కదా! పిల్ల బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రోజూ రైల్లో అది మొట్టమొదట అడిగేది ఇదే. నాకు ఒక్క క్షణం ఎంత సంతోషమైందో చెప్పలేను. హాస్టలు గది, కుర్చీ, కిటికీ అన్నీ కళ్లముందుకొచ్చాయి.

ఆ తర్వాత జవాబు కోసం లోపలికి చూసుకుంటే అక్కడ ఒక అక్షరం తప్ప ఏమీ లేదు.

పేజీ కనబడుతోంది. కుడివైపు పేజీ. బిట్టు పక్కన పెన్సిలుతో నేను పెట్టిన టిక్కు కనబడుతోంది. టిక్కు పక్కన మాట మాత్రం నీళ్లు పోసి కడిగినట్టు పోయింది. మంజీరా? అది ఏ. మూసీ? అది బి. తుంగభద్ర డి. మూడూ తెలుసు! కావాల్సిన ఒక్కటే లేదు. ఏ కాదు, బి కాదు, డి కాదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి చూస్తున్న వాగు. బతుకమ్మలు వేసిన వాగు, లారీలో, ఆటోలో వేలసార్లు దాటిన వాగు. అటు కర్ణాటకలోకి పోతుందనీ తెలుసు. పోయి ఏమవుతుందో ఏనాడూ అనుకోలేదు. అనుకోవాల్సిన పని లేదు గదా, సి అంటే అయిపోతుంది.

"ఇంక కొద్ది క్షణాలే ఉన్నాయమ్మా," అన్నాడు క్విజ్ మాస్టర్. పిల్ల గోళ్లు నా అరచేతిలో దిగాయి. దానికి గుర్తుందో లేదో తెలియదు. గుర్తున్నా చెప్పగూడదు. ఏదో ఒకటి అనాలి. నోట్లోకి ఏదొస్తే అది అన్నాను.

"సి," అన్నాను మైకులో.

హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందు వరుస నుంచి చప్పట్లు వినిపించాయి. చిన్న చేతులు. నా బిడ్డ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. దాని లెక్కలో నేను గెలిచాను.

"సి అంటే ఏమిటమ్మా?" అని అడిగాడు క్విజ్ మాస్టర్, మెల్లగానే.

"సి సార్... సి..."

అప్పుడు పగిలింది నవ్వు. వెనక వరుసల నుంచి మొదలై ముందుకు వచ్చింది. గంట మోగింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే మైకు పట్టుకుని, "నవ్వుడు బంద్ జెయ్యుండ్రి! మీకెర్కనా? ఎర్కుంటె చెప్పుండ్రి!" అని అరిచాను. అది విని ఇంకా నవ్వారు. మా ఆయన బిడ్డను పట్టుకుని కూర్చోబెట్టాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందేమో అనుకున్నాను. కాదు.

కళ్లద్దాల అమ్మాయి మైకు దగ్గరికి వంగి, "భీమా నది," అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆ తర్వాత ఎవరెవరు ఏం మాట్లాడారో నాకు సరిగ్గా గుర్తులేదు. అన్న వచ్చి, "నీ ఒక్కదానిది గాదు చెల్లె, నేను గూడ చెప్పలే," అన్నాడు. పిల్ల గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఏడవలేదు. కొయ్యలాగా నిలబడ్డాను. చచ్చిపోతే బాగుండుననిపించింది. నిజంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

మా ఆయన బండిని ఇంటివైపు తిప్పలేదు. కాగ్నా బ్రిడ్జి మీదికి తీసుకుపోయి ఆపాడు. పొద్దు వాలుతోంది. కింద నీళ్లు ఒక పక్కగా పాయలాగా పోతున్నాయి, మిగతాదంతా ఇసుక. బిడ్డ మా ఇద్దరి మధ్య నిలబడి కమ్మీల్లోంచి తొంగి చూస్తోంది.

"గీ వాగు ఏడికివోతె మనకేంది?" అన్నాడు ఆయన. "మంది రెండు దినాలు నవ్వుతరు, మర్శిపోతరు. ఫికర్ జెయ్యకు."

"భీమల కలుస్తది," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. భీమా, భీమా అని ఇసుకకు వినబడేలా అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ బండ్లు ఆపి చూసేంత ఏడ్చాను.

"సి గదా అమ్మా?" అంది నా బిడ్డ, నా చీర లాగుతూ. "నేను సూసిన. సి నే ఉంది."

"అవ్ బిడ్డా," అన్నాను. "సి నే."

మర్నాడు పొద్దున అత్తమ్మే అంది, "కోపంల వంద అంటం. నిన్నెవరు అడిగిన్రే? పుస్తకాలు ఆడ్నే ఉండనియ్యి." ఆమె మనస్ఫూర్తిగానే అంది. కాని నేను ఒట్టేసింది ఆమె ఒక్కదాని ముందే కాదు. బస్టాండంతా విన్నది. అదీగాక నన్ను నేను నమ్మలేకపోయాను. ఆ పుస్తకాలు ఇంట్లో ఉంటే మళ్లీ తీస్తాను. మళ్లీ అక్షరాలు మింగుతాను. మళ్లీ ఏదో ఒక మైకు ముందు అట్లాగే నిలబడతాను. పాతసామాన్ల బండి వీధిలోకి రాగానే కేకేసి పిలిచాను. అన్నీ నేనే మోసి వేశాను. గైడు అట్ట ఊడిపోయి ఉంది. బండివాడు దాన్ని ఇనుప డబ్బాల మధ్య దోపుకుని తోసుకుంటూ పోయాడు. బిడ్డ బళ్లో ఉంది, నయం.

అప్పటినుంచి నేను పెనం ముందే. అన్న ధారూర్‌లో గొర్లూ చేనూ చూసుకుంటున్నాడు. ఎప్పుడన్నా ఫోన్ చేస్తే వానల గురించి మాట్లాడతాడు. పిల్ల ఇంకా పరీక్షలు రాస్తోంది. ఇటువైపు వస్తే దోశ తిని పోతుంది. గైడు మాట ఎత్తదు. నన్ను బస్టాండు దగ్గర ఇప్పుడు "సి అక్క" అంటారు. కండక్టరొకాయన రోజూ, "ఏమున్నయ్ అక్కా? ఇడ్లీ, వడ, పూరి, దోశ ఇడ్సిపెట్టి నాకు సి ఇయ్యి," అని నవ్విస్తాడు. "నా గరిటె ఏ ఆప్షన్ల వస్తదో సూస్తవా?" అంటాను. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వేడి పెనం ముందు కళ్లల్లో నీళ్లొస్తే ఎవరూ కారణం అడగరు. అదొక సుఖం.

బడి మళ్లీ తెరిచాక ఒక సాయంత్రం నా బిడ్డ సంచీ భుజానే ఉంచుకుని వచ్చి పెనం పక్కన నిలబడింది. పై తరగతికి కొత్త టీచర్ వచ్చిందట.

"అమ్మా, మీ అమ్మ ఏం జేస్తదని టీచర్ అడిగింది. రేపు చెప్త అన్న," అంది. "ఏం చెప్పాలె?"

పిండి గిన్నె చేతిలోనే ఉంది. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. మళ్లీ చూసుకున్నాను. లోపల ఏమీ లేదు. బిడ్డ నా మొహంలోకి చూసింది. హాల్లో అందరూ నవ్వినప్పుడు అదీ ఉంది గదా, దానికి ఏం అర్థమైందో గాని, నా దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

"ఆప్షన్లు చెప్పాల్నా అమ్మా?"

నేను తలూపాను.

"ఏ, సదువుకుంటది," అని ఒక వేలు మడిచింది. "బి, దోశలేస్తది," అని రెండో వేలు మడిచింది. మూడో వేలు పట్టుకుని ఆగిపోయింది.

"సి ఏంది బిడ్డా?" అన్నాను.

"గది నాకు తెల్వది," అంది. "నువ్వే చెప్పాలె."

పెనం మీద దోశ మాడిపోతున్న వాసన వస్తోంది. అత్తమ్మ అటునుంచి చూసింది గాని ఈసారి 'సాకు' అనలేదు. నేను పొయ్యి తగ్గించి, బిడ్డ పట్టుకున్న ఆ వేలిని నా చేతిలోకి తీసుకుని అట్లాగే నిలబడ్డాను.